వర్గీకరణ వృక్షాలు: ఖర్చులేని గణాంక సాధనాలు

రాష్ట్రేతర ప్రాంతాల తెలుగును సేకరించే పరిశోధకుల వద్ద ప్రశ్నావళులు కట్టలుగా పోగుపడుతుంటాయి. హోసూరు ప్రాంతంలో ఒకరు 'వచ్చినాడు' అంటే మరొకరు 'వచ్చాడు' అనవచ్చు. ఈ భేదానికి మూలం వయసా, బడిలో చదివిన భాషా, వృత్తా? శాతాల పట్టికలు ఒక్కొక్క అంశాన్ని విడివిడిగా చూపుతాయి గాని, అవి ఒకదానితో ఒకటి కలిసి ఎలా పనిచేస్తాయో చెప్పలేవు. ఇక్కడ పనికివచ్చేది వర్గీకరణ వృక్షం. దీనికోసం ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు.

బ్రైమన్, ఫ్రీడ్‌మన్, ఓల్షెన్, స్టోన్ 1984లో ప్రచురించిన గ్రంథం ఈ పద్ధతికి ప్రామాణిక రూపమిచ్చింది. ఊహించిన లెక్కతో దీన్ని చూద్దాం. 60 మంది వక్తల్లో 30 మంది 'వచ్చినాడు' అని, 30 మంది 'వచ్చాడు' అని అన్నారనుకుందాం. గుంపులోని కలగలుపును గిని సూచికతో కొలుస్తారు. రెండు రూపాలూ సమానంగా ఉంటే అది 0.5, ఒకే రూపం ఉంటే సున్న. వయసును బట్టి రెండు సగాలు చేస్తే ఒక సగంలో 18, 12గానూ, రెండవ దానిలో 12, 18గానూ వచ్చిందనుకుంటే సూచిక 0.48కి మాత్రమే తగ్గుతుంది. బోధనభాషను బట్టి చేసినప్పుడు 24, 6గానూ, 6, 24గానూ వస్తే 0.32కు దిగుతుంది. కనుక వృక్షం మొదట బోధనభాషనే అడుగుతుంది. ఆపైన ప్రతి కొమ్మలోనూ ఇదే వరస.

ఉచిత సాధనాల్లో మేము ముందుగా సూచించేది 'ఆర్'. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో ఇహాకా, జెంటిల్‌మన్‌లు దీన్ని రూపొందించారు. వృక్షాలు కట్టే 'ఆర్‌పార్ట్' భాగం దానితోపాటే వస్తుంది. కొన్ని గడులు ఖాళీగా ఉన్న ప్రశ్నావళులను అది పారవేయదు; దగ్గరి సంబంధం గల మరో సమాధానం ఆధారంగా ఆ వక్తను తగిన కొమ్మకు పంపుతుంది. 2022లో వచ్చిన 4.2 కూర్పు నుండి కొత్త విండోస్ యంత్రాల్లో తెలుగు లిపితో చిక్కులు తగ్గాయి. ఆదేశాలు టైపు చేయడం కష్టమనుకునేవారికి వైకాటో విశ్వవిద్యాలయం వారి 'వెకా' అనువైనది. మౌస్‌తోనే పని జరుగుతుంది. పైథాన్ తెలిసినవారికి 'సైకిట్-లెర్న్' ఉంది. అయితే అందులో ఊరు, వృత్తి వంటి మాటలను ముందుగా అంకెల్లోకి మార్చుకోవాలి.

రెండు జాగ్రత్తలు అవసరం. ఒక గుంపులో 20 మందికి తక్కువైతే ఆర్‌పార్ట్ దాన్ని చీల్చదు. ఇది అందులో ముందుగా పెట్టిన హద్దు. ఒక పల్లెలో 18 మందినే కలిసిన పరిశోధకునికి మొదలు తప్ప కొమ్మలు కనబడవు. అంతమాత్రాన అక్కడ భేదం లేదనుకోరాదు. హద్దును తగ్గించవచ్చు గాని, బాగా తగ్గిస్తే వృక్షం ఆ కొద్దిమంది మాటలనే వల్లెవేస్తుంది, కొత్త వక్త విషయంలో తప్పుతుంది. అందుకే కొంత సామగ్రిని పక్కన పెట్టి పరీక్షించాలి, అనవసరపు కొమ్మలను కత్తిరించాలి. రెండవది, వృక్షం చూపేది సంబంధాన్నే. కారణాన్ని నిర్ణయించవలసింది ఆ ఊరి చరిత్ర తెలిసిన పరిశోధకుడే.

పెద్దతరం వక్తలు ఏటేటా తగ్గిపోతున్నారు. సాఫ్ట్‌వేర్‌కు పెట్టదలచిన సొమ్మును వారి ఊళ్ళకు వెళ్ళే ప్రయాణాలకు వినియోగించడం మేలని మా అభిప్రాయం.