సరిహద్దు దాటిన బరువు

2014 జూన్ 1న విజయవాడ నుంచి హైదరాబాదుకు సరుకు చేరవేసిన లారీ రాష్ట్రం దాటలేదు. మరునాడు అదే దారిలో, అదే సరుకుతో వెళ్లిన లారీ అంతర్రాష్ట్ర రవాణా కిందికి వచ్చింది. బరువు పెరగలేదు, దూరం మారలేదు. మారింది సరిహద్దు గీత ఒక్కటే. కనుక రాష్ట్రాల మధ్య రవాణా ఎంత అని అడిగేముందు, దేన్ని కొలుస్తున్నామో తేల్చుకోవాలి.

రవాణాను బరువులో, అంటే టన్నుల్లో, కొలవవచ్చు. బరువును దూరంతో గుణించి టన్ను-కిలోమీటర్లలోనూ కొలవవచ్చు. పది టన్నుల సరుకు 270 కిలోమీటర్లు ప్రయాణిస్తే అది 2,700 టన్ను-కిలోమీటర్లు. రోడ్డుపై పడిన భారాన్ని చెప్పేది ఈ రెండవ కొలతే.

భారతదేశంలో 2017 జులైలో జి.ఎస్‌.టి. వచ్చాక సరిహద్దుల్లోని వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు తొలగిపోయాయి. 2018 ఏప్రిల్ 1 నుంచి అంతర్రాష్ట్ర రవాణాకు ఈ-వే బిల్లు అమలులోకి వచ్చింది. సరుకు విలువ, బయలుదేరే చోటు, చేరే చోటు, వాహనం నంబరు అందులో నమోదవుతాయి. అయితే అది పన్ను కోసం పుట్టిన పత్రం. సాధారణంగా యాభై వేల రూపాయల విలువ దాటితేనే అది అవసరం. పన్ను లేని తాజా కూరగాయలకు అక్కరలేదు. మదనపల్లె నుంచి చెన్నైకి వెళ్లే టమాటా లారీ ఆ లెక్కకు అందదు. పైగా ఒక లారీలో అనేక బిల్లుల సరుకు ఉండవచ్చు. ధరలు పెరిగితే, అదే బరువు విలువలో పెరిగిన రవాణాగా కనిపిస్తుంది.

అమెరికాలో అయిదేళ్లకొకసారి జరిగే కమాడిటీ ఫ్లో సర్వే లారీలను కాక, సరుకు పంపే సంస్థలను ప్రశ్నిస్తుంది. ఎంపిక చేసిన రవాణాల విలువ, బరువు, గమ్యం తెలుసుకుని మొత్తాన్ని అంచనా కడుతుంది. పొలం నుంచి తొలి మజిలీకి చేరే పంట అందులోనూ ఉండదు. ఆ లోటును వేరే అంచనాలతో పూరిస్తారు. ఇంధన పన్ను పంపకం కోసం లారీలు ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లు తిరిగాయో మూడు నెలలకొకసారి విడిగా నివేదిస్తాయి. కానీ ఆ లెక్కలో ఖాళీ లారీ, నిండు లారీ ఒక్కటే.

ఇది కేవలం గణాంకాల తగవు కాదు. ఇరుసుపై బరువు రెట్టింపయితే రోడ్డుకు కలిగే నష్టం సుమారు పదహారు రెట్లవుతుందని ఇంజనీర్ల అంచనా. చెన్నై నుంచి కోల్‌కతాకు రోడ్డుమీద వెళ్లే సరుకు ఆంధ్రప్రదేశ్‌ తీరం పొడవునా సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. బిల్లులో బయలుదేరే చోటు తమిళనాడు, చేరే చోటు పశ్చిమ బెంగాల్. ఆ రెండింటినే చూసే లెక్కలో ఆంధ్రప్రదేశ్ పేరు ఉండదు. ఆ బరువు మాత్రం దాని నేలమీదుగానే సాగిపోతుంది.