గామా కిరణాలను ఒకచోటికి చేర్చేదెలా?

దుత్తలూరుకు ఆగ్నేయంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో శ్రీహరికోట ఉంది. ఇప్పుడది తిరుపతి జిల్లా. 2015 సెప్టెంబరు 28న అక్కడి నుంచి ఆస్ట్రోశాట్ ఎగిరిన నాటికి మాత్రం మన నెల్లూరు జిల్లాయే. ఆ ఉపగ్రహంలో ఎక్స్-కిరణాలను చూసే పరికరాల్లో ఒకదానికి అద్దాలున్నాయి, మరొకదానికి లేవు. ఎందుకు లేవో తెలిస్తే గామా కిరణాల చిక్కు సగం విడిపోయినట్టే.

భూతద్దం ఎండను ఒక చుక్కగా చేస్తుంది. గాజులో కాంతి వంగుతుంది కాబట్టి అది సాధ్యం. కంటికి కనిపించే కాంతి కణానికి రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టుల (అతి చిన్న శక్తి కొలత) శక్తి ఉంటుంది. ఎక్స్-కిరణాలకు అది వేలల్లో, గామా కిరణాలకు లక్షల్లో. వాటిని గాజు దాదాపు వంచలేదు. అద్దానికి ఎదురుగా తగిలితే వెనక్కి రావు. లోపలికి దూసుకుపోతాయి, లేదా అందులోనే ఇంకిపోతాయి.

అందుకని అద్దాన్ని రాసుకుంటూ పోయేలా పడనిస్తారు. చెరువులోకి పెంకును వాలుగా విసిరితే మునక్కుండా కప్పగంతులేస్తుందే, అలాగన్నమాట. ఆస్ట్రోశాట్‌లోని సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోప్‌లో బంగారు పూత రేకులను ఒకదానిలో ఒకటి ఇమిడ్చారు. కిరణాలు వాటిని తాకి 2 మీటర్ల అవతల కలుస్తాయి. ఇదంతా 8 వేల ఎలక్ట్రాన్ వోల్టుల లోపు సంగతి. శక్తి పెరిగేకొద్దీ వాలు తగ్గాలి, కలిసే చోటు దూరం జరగాలి. 2012 నాటి అమెరికా ఉపగ్రహం నూస్టార్‌కు 10 మీటర్ల పొడవు కావలసి వచ్చింది. అయినా అది 79 వేల దగ్గర ఆగిపోయింది.

ఆ పైన స్ఫటికాలే దిక్కు. వాటిలో పరమాణువులు సమాన దూరాల్లో వరుసగా ఉంటాయి. ఆ వరుసల నుంచి చెదిరిన కిరణాలు ఒకానొక కోణంలో మాత్రమే కలిసి బలపడతాయి (వివర్తనం). వందల స్ఫటికాలను వలయాలుగా పేర్చి, ఒక్కోదాన్ని తగిన కోణానికి తిప్పితే అదే లావే కటకం. 2001లో ఫ్రాన్స్‌లో క్లేర్ అనే బెలూన్ ప్రయోగం 1,70,000 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దీన్ని పరీక్షించింది. ఇబ్బంది ఏమిటంటే, ఒక అమరిక ఇరుకైన శక్తి పరిధికే పనికొస్తుంది.

ఆస్ట్రోశాట్‌లోని అద్దాల్లేని పరికరం కిరణాలను కలపాలనే చూడదు. చిల్లులున్న టాంటలం రేకు నీడ గ్రాహకంపై పడుతుంది. ఆ నీడను గణించి కిరణం వచ్చిన దిక్కు చెబుతారు.

మెదడు కణితులకు వాడే గామా నైఫ్‌లోనూ కటకం లేదు. నేటి యంత్రాల్లో 192 కోబాల్ట్ మూలాల నుంచి సన్నని కిరణాలు వేర్వేరు దిక్కుల్లో వస్తాయి. ఒక్కొక్కటీ దారిలో చేసే హాని తక్కువ. అన్నీ కలిసే చోటే మోతాదు పెరుగుతుంది. కాబట్టి ఆసుపత్రిలో కిరణాలను కేంద్రీకరిస్తామంటే, వాటిని వంచుతారని కాదు, అన్నివైపుల నుంచీ గురిపెడతారని అర్థం చేసుకోండి.