చేపలకు తాబేలు చెలికాడు కాగలదా?

చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభం చదివినవారికి మంథరుడనే తాబేలు చిరపరిచితమే. కాకి, ఎలుక, లేడి దానికి ప్రాణమిత్రులు. అయితే ఆ మిత్రకూటమిలో చేపకు చోటు లేదన్న సంగతి మనం అంతగా గమనించం. నేడు విజయవాడ వంటి నగరాలలో అద్దాల తొట్టి కొన్నవారు కొందరు ముచ్చటపడి, రంగుచేపలతోపాటు ఒక తాబేటి పిల్లను కూడ తెచ్చి అందులో వదలుతున్నారు. ఈ సహవాసం ఎంతవరకు క్షేమకరమో పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

కృష్ణా డెల్టాలోని చెరువులలోను, పంటకాలువలలోను చేపలు, తాబేళ్లు అనాదిగా కలిసే జీవిస్తున్నవి కదా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. నిజమే. కాని చెరువులో చేపకు పారిపోవడానికి చోటున్నది, దాగుకొనడానికి నాచు, తూడు ఉన్నవి. మూడడుగుల తొట్టిలో ఆ రెండూ లేవు. పగలు తప్పించుకొన్న చేప రాత్రి విశ్రమించినప్పుడు చిక్కుతుంది. నీటి తాబేళ్లు చిన్నతనంలో ఎక్కువగా మాంసాహారులు. పెరిగిన కొద్దీ ఆకు, నాచు కూడ తింటాయి గాని చేపపై మక్కువ మాత్రం పోదు. మందగమనం, పొడవైన రెక్కలు గల గోల్డుఫిష్ వంటివి ముందుగా బలి అవుతాయి. పైగా గోల్డుఫిష్ శరీరంలో బి1 విటమినును నశింపజేసే పదార్థం ఉన్నందున, వాటినే తరచుగా తిన్న తాబేలు కూడ జబ్బుపడుతుంది.

రెండవ చిక్కు నీటిది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చుకొంటుంది. చేప నీటిలో కరిగిన ప్రాణవాయువును మొప్పలతో గ్రహిస్తుంది. తాబేలు విసర్జించే మలినాల వల్ల నీటిలో అమ్మోనియా పెరుగుతుంది. తాబేలు దానిని కొంతకాలం ఓర్చుకొనగలదు గాని చేప మొప్పలు తట్టుకొనలేవు. ఫిల్టరులో పెరిగే సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తరువాత అంత హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. కనుక శక్తిమంతమైన ఫిల్టరు, వారం వారం కొంత నీటి మార్పిడి తప్పనిసరి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది గనుక, బెజవాడ ఎండలలో చేపలకు ముప్పు మరింత అధికం.

మూడవది స్థలం. దుకాణాలలో విరివిగా కనిపించే, చెవి వద్ద ఎర్రచార గల తాబేటి పిల్ల అరచేతిలో ఇమిడిపోతుంది. కాని అది అమెరికా దేశపు జాతి; ఆడది 25 సెంటీమీటర్లకు మించి పెరిగి, ఇరవై ముప్పది సంవత్సరాలు బ్రతుకుతుంది. చిప్ప పొడవులో ప్రతి అంగుళానికి సుమారు 38 లీటర్ల నీరు కావాలన్నది పెంపకందారుల లెక్క. ఆ ప్రకారం ఎదిగిన తాబేలుకు దాదాపు 380 లీటర్ల తొట్టి, ఎక్కి ఎండ కాగుటకు పొడి గట్టు అవసరం.

తాబేళ్ల ఒంటిపై సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చును. పిల్లలకు ఆ వ్యాధి సోకుతున్నందున, 4 అంగుళాలకంటే చిన్న తాబేళ్ల విక్రయాన్ని అమెరికా 1975లో నిషేధించింది. తాబేలును, తొట్టి నీటిని తాకిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనడం మరువరాదు.

విదేశీ తాబేలు వద్దని కాలువలో దొరికిన మన తాబేలును తెచ్చుకొందామా అంటే అది నేరం. మెత్తని చిప్ప గల మన చెరువు తాబేలుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ కల్పించింది.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం ఆఖరున వస్తుంది. చేపలు పోయి, తాబేలు పెరిగి, తొట్టి చాలకపోయినప్పుడు, దానిని ఏలూరు కాలువలోనో, బందరు కాలువలోనో, రైవస్ కాలువలోనో వదలిపెట్టడం పుణ్యకార్యమని కొందరు భావిస్తారు. అది పుణ్యం కాదు. ఈ ఎర్రచార తాబేలు ప్రపంచంలోని నూరు అత్యంత హానికర ఆక్రమణ జాతుల జాబితాలో ఉన్నది. 1997లో ఐరోపా సమాఖ్య దాని దిగుమతిని ఆపివేసింది. అది కాలువలో స్థిరపడితే మన తాబేళ్ల తిండినీ, గూటినీ ఆక్రమిస్తుంది. తొట్టిలో పాచి తినడానికని తెచ్చిన సక్కర్ చేప తెలుగునాట జలాశయాలలో వ్యాపించి మత్స్యకారుల వలలను చింపుతున్న ఉదంతం మన కళ్లెదుటనే ఉన్నది.

కావున చేపలను పెంచదలచినవారు చేపలనే పెంచుట మేలు. ఇప్పటికే తాబేలు ఉన్నవారు దానికి వేరు తొట్టి అమర్చి, కడవరకు పోషించాలి. ముచ్చట ఒకనాటిది, పోషణ ముప్పది ఏండ్లది. కొనుటకు ముందే ఈ సంగతిని తలచుకొనడం విద్యావంతుల కర్తవ్యమని మా విన్నపం.