పిల్లల పార్శ్వపు తలనొప్పి: మందు ఎప్పుడు, ఎంత, ఎన్నిసార్లు?

తలనొప్పి పెద్దల జబ్బు అనీ, పిల్లలు బడి తప్పించుకోవడానికే ఆ మాట అంటారనీ పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. అది సరైనది కాదు. ఆరేడేళ్ళ బిడ్డకు సైతం పార్శ్వపు తలనొప్పి, అనగా మైగ్రేన్, రావచ్చును. తల్లికో తండ్రికో ఈ నొప్పి ఉన్న ఇళ్ళలో బిడ్డలకు వచ్చే అవకాశం మరింత ఎక్కువ. మరాఠీలో దీనినే ‘అర్ధశిశీ’ అంటారు. నాగేపల్లి మొదలుకొని సిరొంచ వరకు గల గ్రామాలలో ఇంట తెలుగు మాట్లాడి, బడిలో మరాఠీ చదివే బిడ్డ తన బాధను ఏ భాషలో చెప్పినా, దానిని ముందుగా నమ్మడం పెద్దల బాధ్యత.

నమ్మిన తరువాత వచ్చే ప్రశ్న మందు. ఇంట్లో ఉన్న మాత్ర విరిచి సగం ఇవ్వవచ్చునా? ఎన్నిసార్లు ఇవ్వవచ్చును? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియక కొందరు మందే ఇవ్వక బిడ్డను బాధపెడతారు; మరికొందరు హద్దు లేకుండా ఇచ్చి కొత్త జబ్బును తెచ్చిపెడతారు. రెండూ తప్పే.

ఇది ఏ తలనొప్పి?

పెద్దలకు ఈ నొప్పి తరచుగా ఒక పక్కనే వస్తుంది. పిల్లలలో అలా కాదు. నుదుటి మీద, రెండు కణతలలోనూ ఒకేసారి రావడం సాధారణం. తల కొట్టుకున్నట్లు, నాడి అదిరినట్లు నొప్పి పుడుతుంది. కడుపులో వికారం, వాంతి తోడవుతాయి. వెలుతురు, చప్పుడు భరించలేక బిడ్డ చీకటి మూల వెతుక్కుంటుంది. ఆట మానివేసి పడుకుంటుంది. నిద్ర పట్టి లేచిన తరువాత చాలామందికి నొప్పి పోతుంది. 2018లో వెలువడిన అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ ప్రకారం పిల్లలలో ఒక విడత నొప్పి 2 గంటల నుండి 72 గంటల వరకు ఉండవచ్చును. ఇటువంటి విడతలు కనీసం ఐదు వచ్చిన తరువాతనే వైద్యులు దీనిని పార్శ్వపు నొప్పిగా నిర్ధారిస్తారు. నొప్పి లేని రోజులలో బిడ్డ పూర్తిగా మామూలుగా ఉండడం దీని ముఖ్య లక్షణం.

మెదడు చుట్టూ ఉండే పొరలలోని నరాలు కొన్ని కారణాల వల్ల రేగినప్పుడు ఈ నొప్పి పుడుతుంది. ఆకలి, నిద్రలేమి, దప్పిక, ఎండ వంటివి దానిని రేపుతాయి. వేసవిలో తునికాకు సేకరణకు తెల్లవారకముందే బయలుదేరే కుటుంబాలలో బిడ్డలు ఏమీ తినకుండా ఎండలో తిరగడం ఇందుకు చక్కని ఉదాహరణ.

మందుకు ముందు జ్వరం చూడాలి

గడ్చిరోలి జిల్లా మలేరియాకు దీర్ఘకాలంగా పేరుపడిన ప్రాంతం. ఆ జ్వరం కూడా తలనొప్పి, వాంతులతోనే మొదలవుతుంది. కనుక ఈ ప్రాంతంలో ఒక నియమం తప్పనిసరి. తలనొప్పితో పాటు ఒళ్ళు వెచ్చగా ఉన్నా, చలి వణుకు ఉన్నా, అది ‘ఎప్పుడూ వచ్చే నొప్పే’ అని ఊరుకోరాదు. ఆశా కార్యకర్త వద్ద గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని వేలి నుండి రక్తపు చుక్క తీసి చేసే పరీక్షను అదే రోజు చేయించాలి. ఫలితం కొద్ది నిమిషాలలోనే తెలుస్తుంది. ఫాల్సిపారం మలేరియా మెదడుకు ఎక్కితే గంటలు కూడా విలువైనవే. పార్శ్వపు నొప్పి ఉన్న బిడ్డకు మలేరియా రాదన్న నియమం ఏదీ లేదు.

మొదటి వరుసలోని రెండు మందులు

పిల్లల పార్శ్వపు నొప్పికి ముందుగా వాడేవి రెండే: పారాసెటమాల్, ఐబుప్రొఫెన్. 1997లో ఫిన్లాండ్‌లో పిల్లల మీద జరిగిన ఒక పరిశోధనలో ఈ రెండింటినీ, మందు లేని ఉత్తి ద్రావకాన్నీ పోల్చి చూశారు. రెండు మందులూ మేలు చేశాయి. వాటిలో ఐబుప్రొఫెన్ మరి కొంత మెరుగుగా పనిచేసింది. 2019లో అమెరికా నరాల వైద్యుల సంఘం వెలువరించిన సూచనలు కూడా పిల్లలకు ఐబుప్రొఫెన్‌తో మొదలుపెట్టవచ్చునని చెప్పాయి.

అయితే ఆ సూచనను సరిహద్దు పల్లెలకు వర్తింపజేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. జ్వరం ఉండి, అది డెంగ్యూ కాదని తేలనంత వరకు ఐబుప్రొఫెన్ ఇవ్వరాదు. రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉన్నది. వాంతులతో బాగా నీరసించి నీరు తక్కువైన బిడ్డకు అది మూత్రపిండాల మీద భారం వేస్తుంది. ఉబ్బసం గల బిడ్డకు, సికిల్ సెల్ వ్యాధి ఉన్న బిడ్డకు వైద్యుని అడిగిన తరువాతనే వాడాలి. ఖాళీ కడుపున ఇవ్వరాదు. ఇట్టి సందేహాలు ఉన్నచోట పారాసెటమాల్ ఎక్కువ క్షేమం.

వయసు కాదు, బరువు

మందు మోతాదును నిర్ణయించేది బిడ్డ బరువు. సీసా మీద, పెట్టె మీద వయసు రాసి ఉండవచ్చును. కాని ఈ ప్రాంతంలో పదేళ్ళ బిడ్డ 22 కిలోలే తూగడం అరుదు కాదు. వయసు చూసి పోస్తే అటువంటి బిడ్డకు మోతాదు మించిపోతుంది. తిండి చాలని, బక్కచిక్కిన బిడ్డ కాలేయం పారాసెటమాల్ అధిక మోతాదును తట్టుకోలేదు. అంగన్‌వాడీలో, బడిలో, ఆరోగ్య కేంద్రంలో తూకపు యంత్రాలు ఉంటాయి. మూడు నెలలకు ఒకసారి తూచి, ఆ అంకెను రాసి పెట్టుకోవాలి.

సాధారణంగా వైద్యులు పారాసెటమాల్‌ను ఒక విడతకు కిలో బరువుకు 10 నుండి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. 20 కిలోల బిడ్డకు గరిష్ఠంగా ఒకసారికి 300 మిల్లీగ్రాములు. రెండు విడతల మధ్య కనీసం 4 నుండి 6 గంటల ఎడం ఉండాలి. 24 గంటలలో నాలుగు విడతలకు మించరాదు. ఐబుప్రొఫెన్ కిలోకు 10 మిల్లీగ్రాముల వరకు. 20 కిలోల బిడ్డకు 200 మిల్లీగ్రాములు. 6 నుండి 8 గంటల ఎడం, రోజుకు మూడు విడతలకు మించకుండా. ఈ లెక్క అర్థం చేసుకోవడానికే. తమ బిడ్డకు తగిన మోతాదును ఒకసారి వైద్యుని చేత కాగితం మీద రాయించుకోవడం ఉత్తమం.

ఇక్కడే మరొక చిక్కు ఉన్నది. పారాసెటమాల్ సిరప్ అన్ని సీసాలలోనూ ఒకే గాఢతలో ఉండదు. 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు గలది ఒకటి, 250 మిల్లీగ్రాములు గలది ఇంకొకటి. పసిపిల్లల చుక్కల మందులో 1 మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే 300 మిల్లీగ్రాముల మందు కావలసిన బిడ్డకు మొదటి సీసా నుండి 12 మిల్లీలీటర్లు, రెండవ సీసా నుండి 6 మిల్లీలీటర్లు, చుక్కల మందైతే 3 మిల్లీలీటర్లు మాత్రమే. సీసా మారినప్పుడు పాత కొలత పనికిరాదు. వంటింటి చెంచాతో కొలవరాదు. సీసాతో వచ్చే గీతల మూత గాని, సూది లేని సిరంజి గాని వాడాలి.

మొదటి అరగంట విలువ

నొప్పి బాగా ముదిరిన తరువాత ఇచ్చిన మందు సగమే పనిచేస్తుంది. పార్శ్వపు నొప్పి సమయంలో జీర్ణాశయం కదలిక మందగిస్తుంది. మింగినది రక్తంలోకి త్వరగా చేరదు. వాంతి మొదలైతే మందు బయటకే పోతుంది. కనుక బిడ్డ ‘తల నొస్తున్నది’ అన్న వెంటనే, జ్వరం లేదని చూసుకొని, సరియైన మోతాదు ఒకేసారి ఇవ్వాలి. భయంతో సగం మోతాదు ఇచ్చి గంట తరువాత మిగిలిన సగం ఇవ్వడం వల్ల ప్రయోజనం తక్కువ. ఇచ్చిన తరువాత చీకటిగా, చల్లగా ఉన్న చోట పడుకోబెట్టి, కొద్దికొద్దిగా నీరు తాగించాలి. నిద్ర కూడా మందే. మందు కక్కివేసినప్పుడు వెంటనే మళ్ళీ పోయరాదు. ఎంతసేపటికి కక్కిందో గుర్తుంచుకొని వైద్యుని గాని, ఆరోగ్య కార్యకర్తను గాని అడగాలి.

శొంఠి పట్టు వేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉన్నది. కంటిలో పడకుండా, చర్మం మండకుండా చూసుకుంటే దానివల్ల కీడు లేదు. అయితే పట్టు వేశామని మందు ఆలస్యం చేయరాదు.

పిల్లలకు ఇవ్వకూడనివి

యాస్ప్రిన్, దానితో తయారైన డిస్ప్రిన్ వంటి బిళ్ళలు పిల్లల తలనొప్పికి ఇవ్వరాదు. ఫ్లూ, ఆటలమ్మ వంటి జ్వరాలలో యాస్ప్రిన్ తీసుకున్న పిల్లలలో కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రై సిండ్రోమ్ అనే ప్రాణాంతక వ్యాధి కనబడినందున 1980ల నుండి అనేక దేశాలు దానిని పిల్లలకు మాన్పించాయి. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వరాదని భారత ప్రభుత్వం 2011లో నిషేధించింది. పెద్దల కోసం రెండు మూడు మందులు కలిపి చేసిన తలనొప్పి మాత్రలు విరిచి ఇవ్వరాదు. విరిచిన ముక్కలో ఏది ఎంత ఉన్నదో లెక్క అందదు. మామూలు విడతకు సూది మందు అవసరం లేదు. సూది వేస్తేనే వైద్యం అన్న అభిప్రాయాన్ని మార్చుకోవాలి.

ట్రిప్టాన్లు అనే ప్రత్యేకమైన మందులు కూడా ఉన్నాయి. వాటిలో రిజాట్రిప్టాన్‌ను ఆరేళ్ళు దాటిన పిల్లలకు వాడేందుకు అమెరికా 2011లో అనుమతించింది. అవి వైద్యుని పర్యవేక్షణలో, మామూలు మందులు పనిచేయనప్పుడు మాత్రమే.

రెండు ఒడ్లు, ఒకే కాగితం

సరిహద్దు కుటుంబాలకు రెండు వైపులా వైద్యులు ఉన్నారు. ఒకసారి సిరొంచ గ్రామీణ ఆసుపత్రికి, లేదా అహేరి ఉపజిల్లా ఆసుపత్రికి వెళ్తారు; మరొకసారి నది దాటి చెన్నూరుకో, మంచిర్యాలకో, వరంగల్‌కో పోతారు. ఒక వైద్యుడు రాసినది మరొకరికి తెలియదు. ఒకే పారాసెటమాల్ రెండు పేర్లతో రెండు సీసాలుగా ఇంటికి చేరుతుంది. తల్లి ఒకటి, నాయనమ్మ ఇంకొకటి పోస్తే బిడ్డకు రెట్టింపు మందు పడుతుంది. జలుబు, జ్వరం మందులలో కూడా పారాసెటమాల్ కలిసి ఉంటుంది.

దీనికి మార్గం సులభం. సీసా మీది వ్యాపార నామం కాదు, కింద చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరు చదివించుకోవాలి. ఇంటిలో మందు ఇచ్చే మనిషి ఒక్కరే ఉండాలి. చీటీలన్నీ ఒకే సంచిలో పెట్టి, ఏ ఒడ్డుకు వెళ్ళినా వెంట తీసుకొని పోవాలి. మరాఠీ వైద్యునితో మాట్లాడేటప్పుడు తలనొప్పిని ‘డోకేదుఖీ’ అనీ, వాంతిని ‘ఉలటీ’ అనీ, కళ్ళు తిరగడాన్ని ‘చక్కర్’ అనీ చెప్పవచ్చును. ఆశ్రమ పాఠశాలలో చదివే బిడ్డకైతే మందు పేరు, బరువు, మోతాదు, ఎడం మరాఠీలో రాయించి అధీక్షకునికి ఇవ్వాలి. మందును బిడ్డ పెట్టెలో ఉంచరాదు.

నెలకు ఎన్ని రోజులు?

నొప్పి మందు తరచుగా వాడితే ఆ మందే తలనొప్పిని పెంచుతుంది. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి నెలకు 15 రోజులు, మిశ్రమ మాత్రలు, ట్రిప్టాన్లు 10 రోజులు, మూడు నెలలకు పైగా వాడినవారిలో ఈ పరిస్థితి ఏర్పడుతుంది. కనుక వారానికి రెండు రోజులు, మరీ తప్పకపోతే మూడు రోజులు దాటకుండా చూసుకోవాలి. గోడమీది క్యాలెండరులో, అది తెలుగుదైనా మరాఠీదైనా, నొప్పి వచ్చిన తేదీకి ఒక గుర్తు, మందు ఇచ్చిన తేదీకి మరొక గుర్తు, బడి మానిన రోజుకు ఇంకొకటి పెట్టాలి. మూడు నెలల క్యాలెండరు వైద్యునికి ఖరీదైన స్కానింగు కన్నా ఎక్కువ సంగతులు చెప్పగలదు.

నెలకు నాలుగు రోజులకు మించి నొప్పి వచ్చి చదువు సాగనప్పుడు, రోజూ వేసే నివారణ మందుల గురించి వైద్యుడు ఆలోచిస్తాడు. ఫ్లునారిజిన్, ప్రొప్రనొలాల్ వంటివి అటువంటివి. మొదటిది మత్తును, బరువును పెంచవచ్చును. రెండవది ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు. వీటిని సొంతంగా మొదలుపెట్టరాదు, హఠాత్తుగా మానరాదు. 2017లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 8 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రెండు నివారణ మందులను, ఉత్తి బిళ్ళను ఇచ్చి చూశారు. నొప్పి రోజులు సగానికి తగ్గినవారు ఒక మందుతో నూటికి 52 మంది, రెండవదానితో 55 మంది. ఉత్తి బిళ్ళతో 61 మంది! రోజువారీ మందు అందరికీ అవసరం లేదని దీని సారాంశం. వేళకు తిండి, వేళకు నిద్ర, తగినంత నీరు, ఎండలో తలకు గుడ్డ, ఇవి ఖర్చులేని నివారణలు.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

ఈ కింది వాటిలో ఏది కనబడినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి చేర్చాలి: జ్వరంతో మెడ బిగుసుకుపోవడం; ఫిట్స్; మగతగా ఉండి పిలిస్తే పలకకపోవడం; చేయి కాలు పడిపోవడం, మాట తడబడడం, రెండుగా కనబడడం; తలకు దెబ్బ తగిలిన తరువాత వచ్చే నొప్పి; ఒక్కసారిగా పిడుగుపాటులా వచ్చే నొప్పి; రోజూ తెల్లవారుజామున నొప్పితో మేల్కొని వాంతి చేసుకోవడం; వారం వారం నొప్పి పెరుగుతూ పోవడం; ఐదేళ్ళ లోపు బిడ్డకు మళ్ళీ మళ్ళీ తలనొప్పి రావడం. సికిల్ సెల్ బిడ్డకు తలనొప్పితో ఒక వైపు బలహీనత కనబడితే అది పక్షవాతం కావచ్చును. నదికి ఏ వైపు ఉన్నా అంబులెన్సుకు 108 నంబరే.

బిడ్డ తలనొప్పి అన్నప్పుడు జ్వరం చూడడం, బరువు తెలిసి ఉండడం, మొదట్లోనే సరియైన మోతాదు ఇవ్వడం, ఇచ్చినది రాసి ఉంచడం: ఈ నాలుగు పనులూ పెద్దగా చదువుకోని తల్లి కూడా చేయగలదు. చీటీ చదవడం రాకపోతే బడికి పోయే పెద్దబిడ్డ చేత చదివించుకొని, కొలత గీతను పెన్నుతో మూత మీద గుర్తు పెట్టించుకోవాలి.