బొమ్మకు పేరెందుకు?

చూపులేనివాళ్లకు ఫోన్ తెర మీది అక్షరాలను స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. మరి బొమ్మ వస్తే? భూతద్దం గుర్తు కనబడగానే అది వెతకడానికని మనకు తెలిసిపోతుంది. స్క్రీన్ రీడర్‌కు మాత్రం ఆ బొమ్మ వెనక కోడ్‌లో ఎవరో పేరు రాసి ఉండాలి. లేకపోతే చాలాసార్లు ఉత్తినే "బటన్" అంటుంది. అలాంటివి వరసగా నాలుగుంటే డబ్బు పంపేది ఏది, రద్దు చేసేది ఏది? డబ్బు విషయంలో కూడా పక్కవాళ్లను అడగాల్సి రావడం అన్యాయం.

2009 నుంచి ఐఫోన్‌లో ఉన్న వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్‌లో ఇందుకు ఒక ఉపాయం ఉంది. బటన్‌ను ఎంచుకుని, రెండు వేళ్లతో రెండుసార్లు తట్టి, రెండోసారి అలాగే నొక్కి ఉంచితే మనమే పేరు పెట్టుకోవచ్చు. ఆ పేరు పెట్టుకున్నవాళ్లకే వినిపిస్తుంది. యాప్ తయారుచేసేవాళ్లే రాస్తే అందరికీ వినిపిస్తుంది. రాసేటప్పుడు "భూతద్దం" అంటే చాలదు. అది చేసే పనిని చెప్పాలి: "వెతుకు".