రొయ్య మేతలో పసుపు, వెల్లుల్లి - ఎంతవరకు నమ్మవచ్చు?

శుక్రవారం వస్తే చాలు, కువైట్ క్యాంపుల్లో ఫోన్ల దగ్గర సగం మాటలు రొయ్యల గురించే. భీమవరం, కైకలూరు, అమలాపురం వైపు సోదరులు చాలామంది ఇక్కడి జీతాన్ని అక్కడి చెరువులో పోస్తున్నారు. లీజు, సీడు, మేత, డీజిలు ఖర్చుల పక్కన ఇప్పుడు మూలికల మందు ఖర్చు కూడా చేరింది. విషలోహాలను ఇదే లాగేస్తుందని అమ్మేవాళ్ళు చెబుతున్నారట.

మా ఆఫీసు గుమస్తాల్లో ఒకరి తమ్ముడు కూడా డబ్బాలు కొన్నాడు. రొయ్య మేత ముట్టలేదు. చివరకు తేలిందేమిటంటే, నాచు చంపడానికి మైలుతుత్తం మోతాదు మించి వేశారు. డబ్బా డబ్బులు, రెండు నెలల జీతం రెండూ నీళ్ళలో కలిశాయి. అందుకే ఇంటర్ బైపీసీలో చదివింది గుర్తు చేసుకుని, తెలిసిన వారిని అడిగి ఇది రాస్తున్నాము.

మైలుతుత్తం అంటే రాగి. రొయ్యకు రాగి కొంచెం కావాలి. మన రక్తంలో ఇనుము చేసే పనిని రొయ్య రక్తంలో రాగి చేస్తుంది. ఎక్కువైతే అదే విషం. సీసం, కాడ్మియం, పాదరసం మాత్రం కొంచెం కూడా అక్కరలేదు. ఇవి ఫ్యాక్టరీల వ్యర్థాలు, పట్టణాల మురుగు కాలువల ద్వారా వస్తాయి. లోహం కుళ్ళదు, ఎండదు. చెరువు అడుగు బురదలో చేరి ఉంటుంది. ఉప్పు తక్కువగా ఉన్న నీళ్ళలో దాని విషం ఇంకా ఎక్కువగా పనిచేస్తుంది. బోరు నీళ్ళతో వనామీ పెంచేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

లోహం మొప్పల గుండా, మేత గుండా లోపలికి వెళ్ళి తలలో ఉండే లివరులో పేరుకుంటుంది. అక్కడ కణాలను కాల్చే పదార్థాలు పుడతాయి. రొయ్య నీరసించి మేత తగ్గిస్తుంది, ఎదుగుదల ఆగుతుంది, చిన్న జబ్బుకే పడిపోతుంది.

మూలికల పని ఇక్కడే. పసుపులోని కర్కుమిన్, వెల్లుల్లిలోని గంధకపు పదార్థాలు ఆ కాలుడును తగ్గిస్తాయి. ట్యాంకుల్లో చేపల మీద, రొయ్యల మీద చేసిన పరీక్షల్లో మేలు కనిపించింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి యాంటీబయోటిక్స్ నిషేధం కావడంతో మూలికల మీద ఆశ ఇంకా పెరిగింది. అయితే ట్యాంకు వేరు, ఎకరాల చెరువు వేరు. మూలిక రొయ్యకు బలం ఇవ్వగలదు కానీ చెరువులోని సీసాన్ని మాయం చేయలేదు. గొడుగు మనిషిని కాపాడుతుంది గానీ వానను ఆపదు కదా!

ఎగుమతి సంగతి కూడా ఉంది. ఐరోపా సమాఖ్య దేశాల్లో రొయ్య కండలో సీసం, కాడ్మియం, పాదరసం ఒక్కొక్కటి కిలోకు 0.5 మిల్లీగ్రాము దాటకూడదు. దాటితే సరుకు వెనక్కే.

కాబట్టి సోదరులారా, ఈసారి డబ్బు పంపే ముందు ఫోనులో మూడు మాటలు అడగండి. సీడు వేయకముందు నీళ్ళు, బురద ల్యాబులో చూపించారా? మైలుతుత్తం వేసేముందు నీటి ఆల్కలినిటీ చూశారా? అది తక్కువైతే రాగి విషం పెరుగుతుంది. మందు డబ్బా మీద ఏయే మూలిక ఎంత ఉందో రాసి ఉందా? రాయని డబ్బాకు మన చెమట డబ్బు ఇవ్వవద్దు. సందేహం ఉంటే మండల మత్స్యశాఖ వారిని అడగమనండి. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి మత్స్య పరిశోధన సంస్థ కూడా రైతులకు సలహా ఇస్తుంది.

చివరిగా మన వంటగది మాట. రొయ్యల తలలు పులుసులో రుచే. కానీ లోహం చేరేది ఎక్కువగా ఆ తలలోనే, ఎంత ఉడికించినా పోదు. తల తీసి వండుకోవడం మంచిది. వచ్చే శుక్రవారం మీ గదిలో రొయ్యల కూర ఉంటే మమ్మల్ని కూడా పిలవండి!