ఫుకుషిమా తర్వాత: అన్నం, చేప, సముద్రం

2011 మార్చి 11న జపాన్ ఈశాన్య తీరంలో 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ వెంటే సునామీ ఫుకుషిమా దాయిచి అణువిద్యుత్ కేంద్రాన్ని ముంచెత్తింది. చల్లబరిచే వ్యవస్థలకు కరెంటు అందకపోవడంతో మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. బయటపడిన రేడియోధార్మిక పదార్థాల్లో కొంత గాలిలో కలిసి పొలాల మీద, అడవుల మీద పడింది. చాలా భాగం పసిఫిక్ మహాసముద్రంలో కలిసింది. కేంద్రం చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. అయితే ఆందోళన ఆ ఊళ్ల దగ్గర ఆగలేదు. కూరగాయల సంచిలో, పాల సీసాలో, చేపల బజారులో ఏముందోనన్న అనుమానం దేశమంతటా వ్యాపించింది, విదేశాలకూ పాకింది.

ఏ పదార్థం, ఎంతకాలం?

ఇలాంటి ప్రమాదాల్లో ఆహారం విషయంలో ముందుగా చూడాల్సింది అయోడిన్-131. దాని అర్ధాయువు 8 రోజులు. అంటే ప్రతి ఎనిమిది రోజులకూ సగానికి తగ్గుతూ రెండు మూడు నెలల్లో దాదాపు మాయమవుతుంది. కానీ ఆ కొద్ది కాలంలోనే గడ్డి మీద పడి, పశువుల పాలలోకి చేరి, పిల్లల థైరాయిడ్ గ్రంథిలో పోగుపడగలదు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత కలుషితమైన పాలు తాగిన పిల్లల్లో వేలమందికి ఆ తర్వాతి సంవత్సరాల్లో థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది.

సీజియం ఎక్కువ కాలం నిలుస్తుంది. సీజియం-134 అర్ధాయువు రెండేళ్లు, సీజియం-137కి ముప్ఫై ఏళ్లు. రసాయన గుణంలో పొటాషియాన్ని పోలి ఉండడంతో శరీరం దాన్ని కండరాల్లోకి తీసుకుంటుంది, కొన్ని నెలల్లో క్రమంగా విసర్జిస్తుంది. స్ట్రాన్షియం-90 కాల్షియాన్ని పోలినది కాబట్టి ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ట్రిటియం హైడ్రోజన్‌లో ఒక రూపం. అది నీటి అణువులోనే భాగమవుతుంది కాబట్టి వడపోతకు దొరకదు. దాని నుంచి వెలువడే బీటా కిరణాలకు శక్తి చాలా తక్కువ.

రేడియోధార్మికతను బెకెరల్‌లలో కొలుస్తారు. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెకెరల్. పెద్దవాళ్ల శరీరంలో సహజంగా ఉండే పొటాషియం-40 ఒక్కటే సుమారు 4,000 బెకెరల్‌లు ఉంటుంది. అందువల్ల బెకెరల్ సంఖ్యను మాత్రమే చూసి ప్రమాదాన్ని అంచనా వేయలేం. ఏ పదార్థం, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు, ఏ వయసువారి శరీరంలోకి వెళ్లిందన్నదే లెక్క.

అంగట్లో అనుమానం

ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే పాలకూరలో, పాలలో పరిమితికి మించిన రేడియోధార్మికత బయటపడింది. మార్చి 23న టోక్యోలోని ఒక నీటిశుద్ధి కేంద్రంలో లీటరుకు 210 బెకెరల్‌ల అయోడిన్-131 ఉన్నట్టు ప్రకటించారు. పసిపిల్లలకు అప్పటి పరిమితి 100. నీళ్ల సీసాలు దుకాణాల్లో గంటల్లో ఖాళీ అయ్యాయి. ఏప్రిల్‌లో ఇబారాకి తీరంలో పట్టిన చిన్న చేపల్లో కిలోకు 4,080 బెకెరల్‌ల అయోడిన్ కనిపించింది. చేపల్లో అయోడిన్‌కు అప్పటిదాకా పరిమితే లేదు. ఆ తర్వాతే 2,000 అని నిర్ణయించారు. జులైలో ఆరుబయట ఎండబెట్టిన వరిగడ్డి మేసిన పశువుల మాంసంలో సీజియం కనబడింది. అప్పటికే అది అనేక జిల్లాల దుకాణాలకు చేరిపోయింది. ప్రతిసారీ సరుకు ముందు వెళ్లడం, పరీక్ష వెనక రావడం జరిగింది. జనం నమ్మకం సడలడానికి ఇదొక పెద్ద కారణం.

ప్రభుత్వం మొదట కూరగాయలు, ధాన్యం, మాంసం, చేపల్లో సీజియానికి కిలోకు 500 బెకెరల్‌లను తాత్కాలిక పరిమితిగా పెట్టింది. 2012 ఏప్రిల్ 1 నుంచి దాన్ని సాధారణ ఆహారానికి 100కు, పాలకూ పసిపిల్లల ఆహారానికీ 50కి, తాగునీటికి 10కి తగ్గించింది. ఆహారం ద్వారా ఏడాదికి అదనంగా చేరే మోతాదు 1 మిల్లీసీవర్ట్ (శరీరంపై రేడియేషన్ ప్రభావానికి కొలమానం) దాటకూడదన్నది దీనికి ఆధారం. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ మార్గదర్శకం 1,000 కాబట్టి జపాన్ పరిమితి చాలా కఠినమైనదే. అయినా నిన్నటిదాకా 500 సరేనన్నవాళ్లు నేడు 100 అంటున్నారేమిటన్న ప్రశ్నా తలెత్తింది.

పొలంలో ఏం చేశారు?

ఫుకుషిమా రైతులు పైమట్టిని తొలగించారు, లోతుగా దున్నారు. పొలాల్లో పొటాషియం ఎరువును ఎక్కువగా వేశారు. మట్టిలో పొటాషియం సమృద్ధిగా ఉంటే వరి మొక్క సీజియాన్ని తక్కువగా పీల్చుకుంటుంది. 2012 నుంచి ఫుకుషిమా జిల్లాలో పండిన బియ్యం బస్తాలన్నింటినీ, అంటే ఏడాదికి సుమారు కోటి బస్తాలను, యంత్రాల మీద పరీక్షించారు. పరిమితి దాటినవి 2012లో 71, మరుసటి ఏడాది 28, 2014లో 2. 2015 పంట నుంచి ఒక్కటీ లేదు. 2020 నుంచి చాలా ప్రాంతాల్లో బస్తాలన్నింటికీ బదులు నమూనాలనే పరీక్షిస్తున్నారు.

అడవి కథ వేరు. అక్కడ మట్టిని తొలగించడం సాధ్యం కాదు. రాలిన ఆకుల్లోంచి నేలలోకి, నేలలోంచి మళ్లీ చెట్లలోకి సీజియం తిరుగుతూనే ఉంటుంది. అందుకే అడవి పుట్టగొడుగుల్లో, అడవి పందుల మాంసంలో పరిమితికి మించిన విలువలు ఏళ్ల తర్వాత కూడా కనిపిస్తున్నాయి.

సముద్రంలో చేప

సముద్రంలో కలిసిన సీజియం ప్రవాహాలతో వేగంగా పలచబడుతుంది, కొంత అడుగు బురదకు అంటుకుంటుంది. ఉప్పునీటి చేపలు శరీరంలోని లవణాలను నిరంతరం బయటికి పంపుతాయి, వాటితోపాటే సీజియమూ పోతుంది. మంచినీటి చేపలు లవణాలను పట్టి ఉంచుకుంటాయి కాబట్టి చెరువుల్లో, నదుల్లో సమస్య ఎక్కువ కాలం ఉంటుంది. సముద్రంలోనైనా అడుగున తిరిగే చేపల్లో సీజియం నెమ్మదిగా తగ్గింది. ఆక్టోపస్, నత్తల్లో త్వరగా తగ్గింది. అందుకే 2012 జూన్‌లో ఫుకుషిమా మత్స్యకారులు ప్రయోగాత్మకంగా వేట మొదలుపెట్టినప్పుడు వాటితోనే మొదలుపెట్టారు. అమ్మకానికి ప్రభుత్వ పరిమితిలో సగం, అంటే 50 బెకెరల్‌లను తమ సొంత పరిమితిగా పెట్టుకున్నారు.

కేంద్రం సొంత రేవు పరిస్థితి వేరు. అక్కడ 2013లో పట్టిన ఒక చేపలో కిలోకు 7,40,000 బెకెరల్‌లు, 2023 మేలో మరో చేపలో 18,000 కనిపించాయి. రేవు నోటి దగ్గర వలలు కట్టి చేపలు బయటికి రాకుండా ఆపుతున్నారు. వేట మాత్రం పూర్తిగా కోలుకోలేదు. 2022లో ఫుకుషిమా తీరాన పడిన చేపలు 2010 నాటి పరిమాణంలో ఐదో వంతు మాత్రమే.

ట్యాంకుల నీరు, తప్పిన మాట

కరిగిన ఇంధనాన్ని చల్లబరచడానికి వాడిన నీరు, భవనాల్లోకి చేరిన భూగర్భజలం, వాన నీరు కలిసి రోజూ కలుషిత నీరు తయారవుతూ వచ్చింది. శుద్ధి చేసి వెయ్యికి పైగా ట్యాంకుల్లో నిల్వ చేసిన ఆ నీరు 2023 నాటికి 13 లక్షల టన్నులు దాటింది. 2015లో ప్రభుత్వమూ, కేంద్రాన్ని నడిపే టెప్కో సంస్థా సంబంధిత వర్గాల సమ్మతి లేకుండా దాన్ని పారబోయబోమని మత్స్యకారులకు మాటిచ్చాయి. నీటిలో మిగిలింది ట్రిటియం ఒక్కటేనని చాలామంది నమ్మారు. చాలా ట్యాంకుల్లో ఇతర పదార్థాలూ విడుదల పరిమితికి మించి ఉన్నాయని 2018లో తేలింది. మళ్లీ శుద్ధి చేశాకే విడుదల చేస్తామని టెప్కో చెప్పింది.

2023 ఆగస్టు 24న విడుదల మొదలైంది. సముద్రపు నీటితో పలచన చేసి, లీటరులో ట్రిటియం 1,500 బెకెరల్‌ల లోపు ఉండేలా చూసి, కిలోమీటరు పొడవున్న సొరంగం ద్వారా వదులుతున్నారు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ 10,000. ఏడాదికి విడుదల చేసే ట్రిటియం 22 లక్షల కోట్ల బెకెరల్‌లు దాటకూడదు. ఫ్రాన్స్‌లోని లా హేగ్ పునఃశుద్ధి కేంద్రం ఏటా సముద్రంలోకి వదిలేది దీనికి కొన్ని వందల రెట్లు. మనుషుల మీద, పర్యావరణం మీద ప్రభావం నామమాత్రమని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2023 జులైలో తేల్చింది. అయినా జపాన్ జాతీయ మత్స్యకార సమాఖ్య వ్యతిరేకత వీడలేదు. చైనా విడుదల మొదలైన రోజే జపాన్ సముద్ర ఉత్పత్తులన్నింటినీ నిషేధించింది. చైనా, దక్షిణ కొరియాల్లో జనం ఉప్పు కోసం దుకాణాలకు ఎగబడ్డారు.

భయానికి పాత మూలాలు

జపాన్‌లో ఈ భయం కొత్తది కాదు. 1954 మార్చి 1న బికినీ దీవిలో అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ‘లక్కీ డ్రాగన్’ అనే జపాన్ చేపల పడవ మీద పడింది. అందులోని 23 మందీ జబ్బుపడ్డారు, ఒకరు ఆ ఏడాదే చనిపోయారు. కలుషితమైన ట్యూనా చేపలను టన్నుల కొద్దీ పారేశారు. టోక్యోలోని సుగినామి గృహిణులు మొదలుపెట్టిన అణుబాంబు వ్యతిరేక సంతకాల ఉద్యమంలో మూడు కోట్లకు పైగా ప్రజలు పాల్గొన్నారు. చెర్నోబిల్ తర్వాత భారతదేశంలోనూ ఇలాంటి వివాదమే వచ్చింది. ఐర్లండ్ నుంచి వచ్చిన వెన్న మీద వేసిన పిటిషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు నియమించిన నిపుణుల కమిటీ వెన్న తినడానికి సురక్షితమేనని చెప్పింది.

మళ్లీ ఫుకుషిమాకు వస్తే, అక్కడి వాసుల్లో రేడియేషన్‌కు నేరుగా ఆపాదించదగిన ఆరోగ్య నష్టం నమోదు కాలేదని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం 2021లో ప్రకటించింది. ఆహార నియంత్రణలు ఇందుకు కొంతవరకు తోడ్పడ్డాయి. అయితే భయాన్ని తగ్గించడానికి ఈ ప్రకటన ఒక్కటే చాలదు. ఇవాకీ పట్టణంలో 2011లో తల్లులు కలిసి పెట్టుకున్న ‘తారాచినే’ ప్రయోగశాల ఆహారాన్నీ, సముద్రపు నీటినీ స్వయంగా కొలుస్తోంది. ప్రభుత్వం కొలిచిన సంఖ్యతో పోల్చి చూసేందుకు మరో సంఖ్య ఉండడమే దాని విలువ.

ఈ అనుభవం శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ వంటి చోట్లకూ వర్తిస్తుంది. అక్కడ ఆరు రియాక్టర్లు ప్రతిపాదించినప్పటి నుంచీ మత్స్యకారులకు తమ చేప అమ్ముడుపోతుందా అన్న దిగులు ఉంది. భారతదేశంలో అణుకేంద్రం పని మొదలుపెట్టకముందే ఆ ప్రాంతపు నేల, నీరు, చేపల్లో సహజ రేడియోధార్మికతను కొలిచే పర్యావరణ ప్రయోగశాలలు ఉన్నాయి. ఆ ఫలితాలు తీరంలోని వారికి తెలుగులో అందాలి, వారు కోరిన నమూనాలనూ పరీక్షించాలి, స్వతంత్ర సంస్థలు మళ్లీ కొలిచి సరిచూడాలి. ప్రమాదం జరిగాక ఇచ్చే హామీ కన్నా, ముందునుంచీ అందరికీ అందుబాటులో ఉన్న లెక్కనే జనం నమ్ముతారు.